గాలంలో ఎవరూ పడరు

ఇరవై రెండేళ్ళు పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేశాను. దిగిపోయే ముందు ఏడాది మా డెస్కులో కొత్తగా ఓ కుర్రాడు చేరాడు. అనంతపురం వైపు వాడు, చురుకైనవాడు. ఓ రాత్రి జిల్లా పేజీ వెళ్ళిపోవడానికి పావుగంట ఉందనగా గల్ఫ్ వీసాల మోసం వార్తకి శీర్షిక పెట్టి నా ముందుకు తోశాడు: ‘ఏజెంటు గాలంలో పడ్డ నిరుద్యోగులు’.

“గాలంలో ఎలా పడతారయ్యా?” అన్నాను.

“వలలో పడతారు కదా సార్, అట్లనే.”

“నువ్వెప్పుడైనా గాలం చేత్తో పట్టుకున్నావా?”

“సినిమాల్లో చూసినా సార్.”

శీర్షిక మార్చి పేజీ పంపించేశాం గానీ ఆ ‘లో’ నాకు పంటి కింద రాయిలా ఉండిపోయింది. ఆ వారం సెలవు రోజున వాణ్ణి బస్సెక్కించి మా ఊరు తీసుకెళ్ళాను. బొబ్బర్లంక దగ్గర గోదావరిలోంచి విడిపోయి కోనసీమలోకి దిగే నీళ్ళు మా ఊరి పక్కనుంచే పోతాయి. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టేశారు కాబట్టి ఈ కాలువలున్నాయి, కాలువలున్నాయి కాబట్టి మా పిల్లలందరి చేతుల్లో గాలపు కర్రలున్నాయి. ఆ రోజు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా వాడికి చూపించినదీ, చెప్పినదీ, చెప్పడం మర్చిపోయినదీ ఇక్కడ రాస్తున్నాను. గాలం కట్టుకుందామనుకునేవాళ్ళకి పనికొస్తుంది. గాలం అనే మాట రాద్దామనుకునేవాళ్ళకి ఇంకా బాగా పనికొస్తుంది.

ముందు కట్టుకోవాలి

కర్రకి సన్న వెదురు చూసుకోండి. ఎనిమిది, తొమ్మిది అడుగులుంటే మన కాలువలకి చాలు. మొదలు బొటనవేలంత లావు, కొస పుల్లంత సన్నం. పచ్చి వెదురు కోసి ఎండలో పడేస్తే బీటలిస్తుంది. చూరు కింద నీడపట్టున ఓ నెల ఆరనివ్వాలి. కొస పట్టుకుని వంచితే విల్లులా వంగాలి, వదిలితే దానంతటదే తిన్నగా అయిపోవాలి. ఇప్పుడు టౌన్లో రీళ్ళున్న కర్రలు, కార్బన్ కర్రలు అమ్ముతున్నారు. నేను కాదనను. కాకపోతే కార్బన్‌లో కరెంటు పారుతుంది. మా కాలువ గట్ల మీద కరెంటు లైన్లు తలకాయ మీదే వేలాడుతుంటాయి. అలాంటిచోట ఆ కర్ర ఎత్తకండి.

దారం నైలాన్‌ది. కర్రంత పొడుగుంటే చాలు, మహా అయితే ఓ మూర ఎక్కువ. గాలపు ముల్లుకి ముడి వేసేటప్పుడు దాని కన్నంలోంచి దారం దూర్చి, కొసని అసలు దారం చుట్టూ అయిదు మెలికలు తిప్పి, కన్నం పక్కన ఏర్పడ్డ చిన్న సందులోంచి వెనక్కి తెచ్చి లాగాలి. లాగే ముందు ముడిని నోట్లో పెట్టి తడపండి. పొడిగా బిగిస్తే నైలాన్ ఒరుసుకుని వేడెక్కుతుంది, బలం పోతుంది. పెద్ద చేప తెంపుకుపోయిందని చెప్పుకునే కథల్లో సగం ఈ పొడి ముడులవే.

బెండు సంగతి. నా చిన్నతనంలో జీలుగు బెండు. తర్వాత కొన్నాళ్ళు నెమలీక కాడ. ఇప్పుడు మా ఊరి పిల్లలు తెగిపోయిన హవాయి చెప్పు కోసి వాడతారు, నేనూ అదే వాడుతున్నాను. పచ్చిమిరపకాయ ఆకారంలో చెక్కుకోవాలి, ముక్కని ఉన్నపళంగా కట్టేస్తే నీటి మీద పడుకుంటుంది తప్ప నిలబడదు. ముల్లుకి జానెడు పైన దారానికి చిన్న సీసం ముక్క నొక్కండి. ఆ బరువుకి బెండు నిటారుగా లేచి, సగం మునిగి, సగం పైకి ఉండాలి. ఈ తూకం కుదరడానికి మేము ఆ పొద్దున్న మూడుసార్లు సీసం గిల్లాల్సొచ్చింది.

ఇక ముల్లు. అసలు గాలం అంటే ఇదే. కర్ర, దారం, బెండు అన్నీ దీని సేవకే, కాకపోతే మాటలో మొత్తానికీ గాలమనే అంటాం. కొట్లో నంబరు అడుగుతారు. నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది, తిరకాసు లెక్క. పరిగెలకి పన్నెండో నంబరు, జెల్లకి ఎనిమిది, కొరమేనుకి రెండో ఒకటో.

ముల్లుని కుర్రాడి అరచేతిలో పెట్టాను. వంకరగా, చిటికెనవేలి గోరంత. కొన దగ్గర వెనక్కి చూస్తూ చెక్కిన చిన్న ఎదురుముల్లు. అది లోపలికి పోయేటప్పుడు అడ్డం రాదు, బయటికి వచ్చేటప్పుడే అడ్డం పడుతుంది.

“దీన్లో పడ్డానికి చోటెక్కడుందో చూపించు” అన్నాను.

వాడు అటు తిప్పి ఇటు తిప్పి చూసి నవ్వేశాడు.

వలకి లోపల, బయట ఉన్నాయి. చేప వలలోకి వెళ్తుంది. గాలానికి లోపలంటూ లేదు. గాలమే చేపలోకి వెళ్తుంది. ఈ ఒక్క ముక్క వాడి బుర్రలోకి ఎక్కించడానికే ఇంత దూరం తీసుకొచ్చాను.

ఎర్ర, ఎర

మా వైపు వానపాముని ఎర్ర అంటాం. దాన్ని ముల్లుకి గుచ్చితే ఎర అవుతుంది. ‘ఎర్రలు తవ్వుకురా’ అంటే రంగు గురించి అనుకున్నాడు పాపం. అరటి బోదెల మొదట్లో, అంట్లు తోమిన నీళ్ళు పారేచోట తవ్వితే పది నిమిషాల్లో దోసెడు దొరుకుతాయి. పెంటపోగు దగ్గరైతే అంచున తవ్వాలి, నడుమ వేడికి అవి ఉండవు. మందు కొట్టిన చేలో మాత్రం తవ్వకండి. కొబ్బరి చిప్పలో తడిమట్టి వేసి, అందులో ఉంచి నీడన పెట్టుకోండి.

గుచ్చడంలో ఉంది పనితనమంతా. కప్పాల్సింది ముల్లు కొననీ, ఎదురుముల్లునీ. ఎర్రని చొక్కా తొడిగినట్టు ముల్లు మీదికి ఎక్కించి, చివర అంగుళం తోక వదిలేయాలి. ఆ తోక నీళ్ళల్లో ఆడుతుంటే చేపకి ముల్లు సంగతి పట్టదు. తోక మరీ పొడుగు వదిలితే చేప అంతవరకే కొరుక్కుని పోతుంది. కుర్రాడు మొదట్లో మూడు అంగుళాలు వదిలాడు. అరగంటలో ఆరు ఎర్రల్ని కాలువకి భోజనం పెట్టాడు.

చేపని బట్టి ఎర. పరిగెలకి గోధుమపిండి ముద్ద సరిపోతుంది, పిండిలో కాస్త దూది కలిపి పిసికితే నీళ్ళల్లో తొందరగా కరగదు. జెల్లకి ఎర్ర. కొరమేను మాత్రం కదిలేదాన్నే కొడుతుంది, దానికి బతికున్న చిన్న చేపో కప్పపిల్లో కావాలి. అది గాలి పీల్చుకోడానికి పైకి వస్తుంటుంది. ఎక్కడ ‘గుళుక్’మని నీళ్ళు తిరగబడితే ఆ పక్కనే వెయ్యాలి.

కొరమేను గురించి ఇంకో మాట. వానాకాలంలో నాచు పక్కన ఎర్రటి పిల్లల గుంపు ముద్దగా తిరుగుతూ కనిపిస్తుంది. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు అక్కడ ఏది పడేసినా కొరమేను వచ్చి కొడుతుంది. ఆకలికి కాదు, కోపానికి. దాన్ని అలా పట్టేవాళ్ళున్నారు. నేను పట్టను, నా పక్కనున్నవాళ్ళని పట్టనివ్వను. పెద్దవి పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు గంటలో ఊడ్చేస్తాయి. కానీ మాట కోసం ఈ విషయం గుర్తు పెట్టుకోండి: ఎర అంటే ఆశే కానక్కర్లేదు. కోపం కూడా ఎరే. ముందు ముందు చెప్తాను, భయం కూడా.

బెండు మీద చూపు

తెల్లారగట్ల, లేదా పొద్దు వాలాక. మధ్యాహ్నం ఎండలో కూచుంటే నెత్తి మాడడం తప్ప లాభం లేదు. లాకులు కట్టేసి కాలువలు ఎండబెట్టే వేసవిలో అక్కడక్కడా మడుగులు మిగులుతాయి, వాటిల్లో చేపలు ఎక్కువే గానీ అందరి గాలాలూ అక్కడే. నాకు ఇష్టమైన రోజులు కొత్త నీరు వదిలాక నీళ్ళు కాస్త తేరుకున్న తర్వాతవి. మీ నీడ నీటి మీద పడకుండా కూచోండి. ఇతరుల చేపల చెరువు గట్టెక్కకండి, అది చేపలు పట్టడం అనిపించుకోదు.

ఇప్పుడు చూపంతా బెండు మీదే. సన్నగా వణుకుతూ చుట్టూ చిన్న వలయాలు లేస్తుంటే పరిగెలు గిల్లుతున్నాయన్నమాట, చెయ్యి కదపకండి. రెండుసార్లు టక్‌టక్‌మని ఒక్కసారే బుడుంగున మునిగిందా, జెల్ల. బెండు మునక్కుండా నెమ్మదిగా పక్కకి నడుచుకుంటూ పోతుంటే కొరమేను నోట్లో పెట్టుకుని వెళ్తోంది, దానికి మింగే సమయం ఇవ్వాలి. బెండు మునగడం మానేసి పైకి తేలి పడుకుంటే కొత్తవాళ్ళు దారం తెగిందనుకుంటారు. అడుగున మేసే చేప ఎరతోపాటు సీసాన్ని కూడా పైకెత్తింది, బరువు పోయి బెండు పడుకుంది. అప్పుడే లాగాలి.

లాగడమంటే గుంజడం కాదు. మణికట్టుతో ఒక్క విసురు, జానెడు చాలు. ముల్లు నాటుకోవడానికి అంతే. తర్వాత దారం ఎప్పుడూ బిగువుగా ఉంచుకుంటూ గట్టుకి తెచ్చుకోవాలి. సడలితే చేప తల విదిలించి ఊడిపోతుంది.

కుర్రాడు మొదటి చేప పట్టేసరికి పదిన్నరయింది. జానెడు జెల్ల. అది గడ్డిలో ఎగిరెగిరి పడుతుంటే ఆ సంబరంలో నేను ‘ఆగు, ఆగు’ అనేలోపే గుప్పిట్లో పట్టేశాడు. జెల్లకి వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి ముళ్ళుంటాయి. పక్క ముల్లు బొటనవేలి కింద దిగింది. వాడి మొహంలో రంగు పోయింది. ఇంటికి తీసుకొచ్చి, తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచి ఉంచాం. ఆ వేడికి జెల్ల విషం విరుగుతుంది, అరగంటకి సలుపు తగ్గింది. మా ఆవిడ జాలిగా “మా ఆయన జెల్లని పట్టడం నేర్పలేదా బాబూ?” అంది. నేర్పలేదు. జెల్లని వెనక నుంచి, వీపు ముల్లుకి వెనకాలా పక్క ముళ్ళకి కిందా వేళ్ళు వచ్చేలా పట్టుకోవాలి. కొత్తగా ఉంటే గుడ్డతో పట్టుకోండి. ‘వాడు నాకు జెల్ల కొట్టి పోయాడు’ అంటుంటాం కదా, దానికీ ఈ జెల్లకీ ఏమైనా సంబంధం ఉందా సార్ అని ఆ నొప్పిలోనూ అడిగాడు. సబ్ ఎడిటర్ అవుతాడు వీడు అనుకున్నాను.

ఇక మాట సంగతి

మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూచుని ఈ భాగం చెప్పాను. చెయ్యి తడిగుడ్డలో చుట్టుకుని రాసుకున్నాడు.

మొదట విభక్తి చూసుకోవాలి. గాలం ఎవరికో వేస్తారు: ‘అసంతృప్త నేతలకు గాలం’. వేస్తే తగిలేవాడు గాలానికి తగులుతాడు, గాలానికి చిక్కుతాడు. వల ఎవరి మీదో విసురుతారు, ఎవరికోసమో పన్నుతారు, అందులో పడతారు. ఎర చూపిస్తారు, వేస్తారు. మనిషినే ఎరగా వాడారని రాయాల్సొస్తే ఎవరు ఎవర్ని వాడారో తేటగా ఉండాలి, ఆ వాక్యంలో ఎరైన మనిషికి తప్పు అంటకూడదు. ఉచ్చు బిగిస్తారు, అది నీళ్ళ మాట కాదు, అడవి మాట. ఒకే వార్తలో మొదటి పేరాలో గాలం, రెండో పేరాలో వల, మూడో దాంట్లో ఉచ్చు వాడేవాళ్ళని చూశాను. ఆ నిందితుడు నీళ్ళలో ఉన్నాడో గట్టు మీదున్నాడో పాఠకుడికి అంతుపట్టదు.

తర్వాత లెక్క. గాలానికి ఒక్క చేప. వలకి ఎన్నో. ఈ లెక్కన చూస్తే ఆ గల్ఫ్ వార్తలో కుర్రాడు ఎంచుకున్న మాట నిజానికి సరైనదే. ఆ ఏజెంటు సభ పెట్టి పాతికమందినీ ఒకేసారి ముంచలేదు. ఇంటింటికీ తిరిగాడు. కూతురి పెళ్ళి అప్పు ఉన్నవాడికి జీతం లెక్కలు చెప్పాడు. డ్రైవింగ్ వచ్చినవాడికి బండి ఫొటోలు చూపించాడు. తండ్రికి ఒంట్లో బాగోని కుర్రాడికి ముందే మూడు నెలల జీతం ఇస్తారన్నాడు. ఎవరికి ఏ ఎరో చూసుకుని వేశాడు. అవి గాలాలే. ‘లో’ తీసేసి ‘ఏజెంటు గాలానికి చిక్కిన నిరుద్యోగులు’ అని పెట్టి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు. ఆ రాత్రి హడావుడిలో ‘ఏజెంటు వలలో’ అని మార్చి తప్పు చేసింది నేను. ఈ మాట ఒప్పుకుంటే వాడు పెన్ను కింద పెట్టి నా వంక చూశాడు.

పత్రికల్లో దీనికి ఎదురు ఉదాహరణ ఒకటుంది: ‘ఏసీబీ వలలో’ ఫలానా ఉద్యోగి. ఎన్ని వందలసార్లు పెట్టానో. జరిగేదేమిటో చూడండి. నోట్ల మీద ఫినాఫ్తలిన్ పొడి రాసి, ఫిర్యాదు చేసినాయన చేతికిచ్చి పంపిస్తారు. ఆ ఉద్యోగి నోట్లు పుచ్చుకున్నాక అతని వేళ్ళు సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఒక్క మనిషి, అతనికిష్టమైన ఎర, ఎర వెనక కనిపించని ముల్లు. ఇది నూటికి నూరుపాళ్ళూ గాలం. అయినా వలే స్థిరపడిపోయింది. స్థిరపడినదాన్ని నేను కదపను. భాషలో లంకభూములున్నట్టే ఇలాంటివీ ఉంటాయి, ఏ వరదకో మేట పడి, పదేళ్ళు నిలిస్తే జనం పంటలేసుకుంటారు.

ఊళ్ళో మాట వేరు. పెళ్ళీడు కుర్రాడున్న ఇంటికి ఎవరైనా కూతురిని వెంటబెట్టుకుని రెండుసార్లు వస్తే చాలు, మా పెద్దమ్మ “ఏవే వదినా, మీవోడికి గాలం ఏత్తన్నట్టున్నారు?” అనేది. అందులో కోపం లేదు, వెటకారం ఉంది. వదిన వరస కాబట్టి చెల్లింది. అదే మాట వాళ్ళ మొహం మీద అంటే సంబంధం అక్కడితో సరి. గాలం అనే మాట ఎప్పుడూ వేసేవాడు లేనప్పుడు, తగలబోయేవాడి పక్షాన అనేది. పత్రికల్లో కనిపించే ‘వలపు వల’ మాత్రం నాకు పడదు. శీర్షికలోనే ఆడమనిషిని వేటగత్తెని చేసేసి తీర్పు ఇచ్చేస్తుంది. కేసులో తేలేదాకా ఆగమని కుర్రాడికి చెప్పాను.

గాలంలో ఎర లేని రకం కూడా ఉంది. నూతిలో చేద జారిపడితే తీయడానికి మా ఇంట్లో ఇనప వలయానికి పది కొక్కేలు వేలాడేది ఒకటుండేది, దాన్నీ గాలమే అనేవాళ్ళం. తాడుకి కట్టి అడుగంటా దింపి, అటూ ఇటూ తిప్పుతుంటే ఎక్కడో చేద ఉరి తగులుకునేది. ‘మాటల్లో గాలం వేసి సంగతి రాబట్టాడు’ అన్నప్పుడు నాకెప్పుడూ చేప కనపడదు, ఈ నూతి గాలమే కనిపిస్తుంది. అవతలివాడిలో మునిగిపోయి ఉన్నదాన్ని తగిలేదాకా తిప్పడం. విలేకరి పని అది.

గాలించడం వేరు. అది వెతకడం. పడవ బోల్తా పడితే గజ ఈతగాళ్ళు గాలిస్తారు, పోలీసులు నిందితుడి కోసం గాలిస్తారు. మా అమ్మ బియ్యం గాలించేది. నీళ్ళలో పోసి గిన్నె వంచుతూ పైపైన బియ్యం వేరే గిన్నెలోకి జారవిడిస్తే రాళ్ళు అడుగున మిగిలేవి. ‘పోలీసుల గాలం’ అని రాసి ‘పోలీసుల గాలింపు’ అనుకోమంటే కుదరదు.

పులసకి గాలం

సాయంత్రం బస్సు కోసం రేవు దగ్గర నిలబడి ఉంటే కుర్రాడు అడిగాడు, “పులసని గాలంతో పట్టొచ్చా సార్?”

సముద్రంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఇలస అంటారు. జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు వస్తే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ ధవళేశ్వరం బ్యారేజి దాకా వస్తుంది, అప్పుడు పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కట్టినవాళ్ళం కదా, గాలానికి తగిలేదైతే ఈ పాటికి ప్రతి రేవులో వెయ్యిమంది కూచునేవాళ్ళం. తగలదు. అది నీళ్ళలో కంటికి ఆనని నాచు, పురుగు వడకట్టుకుని తినే చేప. ఎర్ర, పిండి, కప్పపిల్ల, దేనికీ నోరు తెరవదు. పడవేసుకుని ప్రవాహానికి అడ్డంగా వల వదలాల్సిందే.

అందుకని మా ఇంట్లో ఓ వాడుక ఉంది, నిఘంటువుల్లో వెతక్కండి. లంచం పుచ్చుకోని అధికారి దగ్గరికి కవరు పట్టుకెళ్ళినవాణ్ణి చూసి మా చిన్న మావయ్య ‘పులసకి గాలమేశాడ్రా’ అనేవాడు. అలాంటివాణ్ణి ఏదీ ఏమీ చెయ్యలేదని కాదు. వలలైతే పులసకీ ఉన్నాయి. బదిలీలూ అవీ.

నాకు తగిలింది

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను గానీ, ఇది చెప్పకపోతే పైన భయం గురించి వేసిన బాకీ ఉండిపోతుంది.

పదవీ విరమణ అయిన రెండేళ్ళకి ఓ సాయంత్రం ఏడింటికి మెసేజ్ వచ్చింది. మీ కరెంటు బిల్లు నమోదు కాలేదు, రాత్రి తొమ్మిదిన్నరకి సరఫరా ఆపేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి. వేసవి. మా అత్తగారికి తొంభై దాటాయి, ఫ్యాన్ లేకపోతే ఊపిరాడదు. నేను ఫోన్ చేశాను. గమనించండి, వాడు చెయ్యలేదు, నేనే చేశాను. అవతల మర్యాదగల గొంతు, “పది రూపాయలు కట్టండి సార్, నమోదైపోతుంది” అన్నాడు. ఓ యాప్ వేసుకోమన్నాడు. పది రూపాయలు ఎంతసేపటికీ వెళ్ళలేదు, ఈలోపు ఫోన్ తెర మీద జరిగేదంతా వాడికి కనిపిస్తోంది. ఆ పది రూపాయలే అంగుళం తోక. ఎనిమిది గంటలకి ఖాతాలో పద్దెనిమిది వేలు లేవు.

నాకు సిగ్గేసింది అక్కడ కాదు. పోయాయని తెలిశాక వాడే మళ్ళీ ఫోన్ చేసి, పొరపాటున కోత పడింది, వెనక్కి వేయాలంటే ఇంకో అయిదు వేలు ఉంచండి అన్నాడు. ఉంచబోయాను. ఎదురుముల్లు పని చేసేది అప్పుడే. చిన్నప్పుడు నా బొటనవేలికి గాలం దిగితే ఏడుస్తూ వెనక్కి లాక్కోబోయాను, మావయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. వెనక్కి లాగితే కండ చీలుతుంది. ముందుకే తోసి, కొన చర్మంలోంచి బయటికొచ్చాక కటింగ్ ప్లయర్‌తో ఎదురుముల్లు కత్తిరించి, అప్పుడు వెనక్కి తీశాడు. తర్వాత ధనుర్వాతం ఇంజెక్షన్. లోతుగా దిగినా, కంటి దగ్గర దిగినా ఇంట్లో ముట్టుకోకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఆ రాత్రి చెయ్యి పట్టుకుని ఆపింది మా ఆవిడ. “ఏవండీ, వాడి ఫోన్ పెట్టేసి 1930కి చెయ్యండి” అంది. సైబర్ నేరాల నంబరది. ఆలస్యం చేసేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది, వెంటనే చెప్తే మధ్యలో ఎక్కడో ఆపగలుగుతారు. నాకు పద్దెనిమిదిలో ఏడు వేలు ఆగాయి, కొన్నాళ్ళకి వెనక్కొచ్చాయి. మిగతావి పోయాయి. మీకూ ఇలాంటిదొస్తే ముందు ఫోన్‌కి నెట్ కట్టేయండి, యాప్ తీసేయండి, బ్యాంకుకి చెప్పండి, 1930కి చెప్పండి. పోయినదాన్ని రాబట్టడానికి ఇంకోటి కట్టమన్నవాడికి రూపాయి కూడా వేయకండి.

మర్నాడు కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడు వాడు డెస్కు ఇన్‌చార్జి.

“మీరెట్ల పడినారు సార్ గాలంలో?”

“పళ్ళేదయ్యా. తగిలాను.”

అవతల కాసేపు నవ్వు. తర్వాత “సారీ సార్” అన్నాడు.

సర్దుకునేటప్పుడు

మిగిలిన ఎర్రల్ని అరటి మొదట్లోనే వదిలేయండి. దారాన్ని కర్ర చుట్టూ కొస నుంచి మొదలు దాకా చుట్టి, తెగిన ముక్కలేవైనా ఉంటే జేబులో వేసుకోండి, గట్టు మీద వదిలితే కొంగల కాళ్ళకి చుట్టుకుంటుంది. ముల్లుని కడిగి, తుడిచి, ఓ చుక్క కొబ్బరినూనె రాసి, కొనని ఆ హవాయి చెప్పు బెండులోనే గుచ్చేయండి. కర్రని పిల్లలకి అందని ఎత్తులో చూరులో పెట్టండి. మా చూరులో రెండున్నాయి. ఒకటి నాది. నీలం చెప్పు బెండున్నది వాడిది, మళ్ళీ వస్తానన్నాడు.